పోలీసు బండి ఎక్కే ముందు, బిడ్డా

బిడ్డా,

నువ్వు పోలీసులతో కలిసి పనిచేస్తానన్నావని మీ నాయన చెప్పగానే ముందు గర్వమనిపించింది, వెంటనే టెన్షన్ పట్టుకుంది. సైకియాట్రిక్ సోషల్ వర్క్ చదివిన పిల్ల ఆస్పత్రిలో కూర్చోక, రాత్రిపూట నల్లగొండ రోడ్ల మీద పెట్రోలింగ్ బండిలో తిరగడమేందని మీ అమ్మ నన్నే తిట్టింది, చిన్నప్పటినుంచి నా పోలీసు కథలు విని చెడిపోయావట. తిట్టనీ.

నువ్వు పంపిన అమెరికాలోని డెన్వర్ నగరం సంగతి చదివాను. 2020 నుంచి అక్కడ కొన్ని కాల్స్‌కు పోలీసులు పోకుండా, మీలాంటి చదువు చదివిన మనిషి, ఒక పారామెడిక్ కలిసి వ్యాన్‌లో పోతున్నారు. బాగుంది. అదే దేశంలో యూజీన్ అనే ఊర్లో ఇలాంటిదే 1989లో మొదలై, 2025లో నిధులు సరిపోక ఆ ఊరివరకు ఆగిపోయిందట కదా, అది కూడా చదువుకో. అందుకే నీ జీతం ఎవరిస్తారు, ఎన్నేళ్లు ఇస్తారు, ముందే కాగితం మీద రాయించు. మన దగ్గర 112 కొడితే వచ్చేది ఖాకీ చొక్కానే. నువ్వు దాని పక్కన నిలబడి పనిచేయాలి.

చిన్నవి గబగబా చెప్తా. చున్నీ వద్దు, షూ వేసుకో. ఇంట్లోకి పోతే తలుపు దగ్గరే నిలబడు. గొడ్డలి, కొడవలి, పురుగుల మందు డబ్బా ఎక్కడున్నాయో ముందు చూడు. మందు తాగాడన్న అనుమానం ఉంటే మాటలు ఆపి 108 పిలువు, డబ్బా కూడా వెంట పంపు. గడ్డి మందుల్లో ఒక రకం ఉంది, పారాక్వాట్, అది తాగినోడు మొదటిరోజు మంచిగనే మాట్లాడతాడు, ఆ మాట నమ్మి ఇంటికి పంపితే చంపినట్టే. కాల్వ గట్టు మీదికి మాత్రం నువ్వు పోవద్దు, నీకు ఈత రాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నీకు నాకంటే బాగా తెలుసు. మతి చలించి దిక్కులేక తిరుగుతున్న మనిషిని పోలీసులు కాపాడి, 24 గంటల్లోపు దగ్గర్లోని సర్కారు దవాఖానాకు చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. అది 100వ సెక్షన్. చావబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు, అది 115. ఇవి ఎస్సై ముందు కానిస్టేబుల్‌కు చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు. టీ తాగేటప్పుడు చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ చట్టం రాకముందు ముచ్చట, ఏ స్టేషనో రాయను. బోర్లు ఎండి, పత్తి పోయి, అప్పులోళ్లు ఇంటిముందు కూర్చుంటే ఒక రైతు పురుగుల మందు సీసా పట్టుకుని వాటర్ ట్యాంక్ ఎక్కాడు. కింద సీఐ మైకు పట్టుకుని "దిగకపోతే కేసు రాస్తా" అంటాడు, బావమరిది ఏడుస్తాడు, సర్పంచ్ ఒట్టేస్తాడు, అందరూ ఒక్కసారే. ఎవరి మాట వింటాడు? చివరికి ఆ ఊరి హోంగార్డు ఒకడు మెట్లు సగం ఎక్కి, మందు మాటే ఎత్తకుండా, బోరు ఎన్ని ఫీట్లు వేశావు, ఎద్దులు ఎవరికమ్మావు అని అడుగుతూ కూర్చున్నాడు. మెల్లగా దిగాడు ఆ మనిషి. ఊరంతా చప్పట్లు, మర్నాడు పేపర్లో ఫోటో.

స్టేషన్‌కు తెచ్చి ఇకమీద ఇట్ల చెయ్యనని సంతకం పెట్టించుకున్నారు. "కౌన్సెలింగ్ చేసి పంపడమైనది" అని డైరీలో రాశారు. కౌన్సెలింగ్ ఎవరు చేశారు? ఎవ్వరూ చేయలేదు. అప్పు అట్లనే ఉంది, ఇంట్లో మందు అట్లనే ఉంది, పైగా ఇప్పుడు ఊరంతా వింతగా చూస్తోంది. వారం తిరగకముందే చేను దగ్గర తాగాడు. పంచనామాకు పోయింది మళ్లీ ఆ స్టేషనోళ్లే. "దించినంక ఎవలన్న ఇంటికి పోయినమా సార్?" అని హోంగార్డు అడిగితే సీఐ జవాబియ్యలేదు.

కాబట్టి నువ్వు డైరీలో ఆ మాట రాయనీయకు, మళ్లీ ఎప్పుడు కలుస్తావో తేదీ పక్కన రాయకుండా. మర్నాడు ఫోన్ చెయ్యి. రెండు మూడు రోజుల్లో ఇంటికి పో, బండి దూరంగా ఆపి నడిచిపో. మందు డబ్బాలు పక్కింటోళ్ల దగ్గర పెట్టించు. డాక్టరు దగ్గరికి ఎవరు తోడు పోతారో పేరుతో సహా తేల్చు. 14416 నంబరు గోడ మీద రాయి, అది టెలి మానస్, మనసు బాగాలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన ఫోన్ లైన్, అందులో తెలుగులోనే మాట్లాడతారని ఇంటోళ్లకు చెప్పు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే భయం ఇదే. "మేడం, లోపల ఏం చెప్పిండు?" అని అడుగుతారు. మంచిగనే అడుగుతారు, చాయ్ ఇప్పించి మరీ. ప్రాణానికి ముప్పున్న మాట తప్ప ఏదీ చెప్పకు. మొగుడు కొట్టాడని ఒకామె నీకు చెప్పిన మాట సాయంత్రానికల్లా ఆ మొగుడి చెవిన పడితే, ఆ మండలంలో ఏ ఆడమనిషీ నీ ముందు నోరు తెరవదు. నీకు మొహమాటం ఎక్కువ, చిన్నప్పటినుంచీ అంతే, ఎవరేమడిగినా కాదనలేవు. ఇక్కడ కాదను.

కానిస్టేబుళ్లు కూడా డ్యూటీ దిగినంక వచ్చి, నిద్ర పడతలేదు మేడం అంటారు. విను. వాళ్లను అడిగే దిక్కు లేదు.

ఆదివారం ఇంటికి రా, మీ అమ్మకు నేను చెప్తా. ఆ ఒప్పందం కాగితం వెంట తీసుకురా, రాత్రి డ్యూటీ అయినంక నిన్ను ఇంటిదాకా దింపాలని అందులో ఉందో లేదో చూడాలి.

మీ పెదనాయన