రిపీటర్ మీద ఆ రెండు సెకన్లు

జీఎంఆర్ఎస్, అంటే అమెరికాలో కుటుంబాలు వాడుకునే టూ-వే రేడియో, దాని లైసెన్స్ మీరు కొత్తగా తీసుకున్నారు, మీ దగ్గర్లో కొండ మీద ఉన్న రిపీటర్ (మన మాటను అందుకుని దూరానికి మళ్లీ పంపే రేడియో) ఎవరైనా వాడుకోవచ్చా, రూల్స్ ఏమిటి అని అడిగారు. ఓనర్ ఒప్పుకుంటే వాడుకోవచ్చు. కొందరు అందరికీ తెరిచి ఉంచుతారు, కొందరు ముందుగా అడగమంటారు. ఫలానా మనిషి వాడొద్దు అనే హక్కు ఓనర్‌కి ఉంది. టవర్, కరెంటు, యాంటెన్నా ఖర్చు చాలాసార్లు ఆయన సొంత జేబులోంచే పోతుంది, కాబట్టి అడిగి వాడుకోవడం మర్యాద కూడా. మిగతా రూల్స్ అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వాళ్ల పార్ట్ 95లో ఉన్నాయి, ఒక సాయంత్రం కూర్చుంటే చదివేయొచ్చు. వాటిలో ఎక్కడా కనబడని అలవాటు ఒకటుంది. ఒకరు మాట్లాడే బటన్ వదిలాక, ఇంకొకరు నొక్కే ముందు రెండు సెకన్లు ఆగడం. నన్నడిగితే అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది అదే.

ఎందుకంటారా? కొన్నేళ్ల కిందట అక్టోబర్‌లో, ఆకులు రంగు మారే రోజుల్లో, మూడు కార్లలో నార్త్ కరోలినాలోని యాష్‌విల్ దగ్గర బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండ రోడ్డు ఎక్కాం. ముందు కార్లో అక్కా బావగారూ, మధ్యలో మేము, వెనక పెదనాన్నగారి అబ్బాయి కుటుంబం. ఆ దారిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. చేతిలో రేడియోలతో నేరుగా మాట్లాడుకుందామంటే ఒక్క కొండ అడ్డొస్తే చాలు, మాట తెగిపోతుంది. అందుకని రిపీటర్ పట్టుకున్నాం. అది మన మాటను 467 మెగాహెర్ట్జ్ దగ్గర విని, అదే క్షణంలో 5 మెగాహెర్ట్జ్ కింద, 462 దగ్గర మళ్లీ పంపుతుంది. ఎత్తు మీద ఉంటుంది కాబట్టి పదుల మైళ్లు వినబడుతుంది. ఇంకేముంది, మాకు పండగే. భోజనానికి ఎక్కడ ఆగాలి, పిల్లాడికి వాంతి వచ్చేలా ఉంది, ఆ చెట్టు చూశారా... ఒకరు వదలగానే ఇంకొకరు నొక్కేస్తున్నాం. చివరికి బావగారు ఇంటి లోన్ వడ్డీ రేట్ల గురించి మొదలుపెట్టారు.

ఆయన మాటల మధ్య ఉండుండి గుర్రుమని ఒక శబ్దం వస్తోంది. రేడియో బాగాలేదేమో అనుకున్నాను. చిరాకేసి వాల్యూమ్ కూడా తగ్గించాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఈ రేడియోలు పనిచేసే ఎఫ్ఎం పద్ధతిలో ఇద్దరు ఒకేసారి నొక్కితే బలమైన సిగ్నల్ రెండోదాన్ని మింగేస్తుంది, మిగిలేది ఆ గుర్రుమనే చప్పుడే. అంటే అక్కడ ఒక మనిషి పిలుస్తున్నాడు.

రిపీటర్లకు సాధారణంగా టైమర్ పెడతారు. దానికి మూడు నిమిషాలట. బావగారు బటన్ వదలకుండా మూడు నిమిషాలు దాటించేసరికి రిపీటర్ మూగబోయింది. కాసేపటికి ఆయన బటన్ వదిలారు, అది మళ్లీ లేచింది. ఆ సందులో ఒక పెద్దాయన గొంతు వినిపించింది, ఇంగ్లీషులో, ఆయాసపడుతూ. కారు రోడ్డు పక్క గుంటలోకి దిగిపోయింది, భార్య చెయ్యి విరిగినట్టుంది, ఫోన్ పనిచేయడం లేదు, ఎవరికైనా వినబడుతోందా అని. పది నిమిషాల నుంచి పిలుస్తున్నానని కూడా అన్నాడు.

మా కార్లో ఎవరికీ నోట మాట రాలేదు. వెనక కార్లోంచి అన్నయ్య, అదే పెదనాన్నగారి అబ్బాయి, తేరుకుని జవాబిచ్చాడు. పార్క్‌వే పక్కన మైలు రాళ్లు ఉంటాయి, దగ్గర్లో కనబడే నంబరు చెప్పమని అడిగాడు. అక్క ఆ నంబరు పిల్లల డ్రాయింగ్ పుస్తకం మీద రాసుకుని, సిగ్నల్ గీత ఒకటి కనబడగానే కారు ఆపించి 911కి ఫోన్ చేసింది. అంబులెన్స్ వచ్చిందని ఆ పెద్దాయన చెప్పేవరకు అన్నయ్య తప్ప మాలో ఎవరూ బటన్ ముట్టుకోలేదు. తర్వాత రిపీటర్ ఓనర్ రేడియోలోకి వచ్చాడు. కోప్పడలేదు. సాయం చేసినందుకు థాంక్స్ చెప్పి, ఒకరు వదిలాక బీప్ వస్తుంది కదా, ఆ తర్వాత రెండు సెకన్లు ఎవరూ నొక్కకండి, ఆ ఖాళీ ఇలాంటివాళ్ల కోసమే అన్నాడు.

ఎమర్జెన్సీ మాటకు దారి ఇవ్వాలని రూల్స్‌లోనే ఉంది. అసలు వినబడితే కదా దారి ఇచ్చేది! ప్రమాదంలో ఉన్నవాళ్లు లైసెన్స్ లేకపోయినా లైసెన్స్ ఉన్నవాళ్ల రేడియో వాడి సాయం అడగొచ్చు, ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకూ పిల్లలకూ చెప్పి ఉంచండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. వేరే రిపీటర్‌లో ఒకాయన, తెలుగులో మాట్లాడటం కోడ్ భాష కిందకు వస్తుంది, కుదరదు అని మమ్మల్ని దబాయించాడు. అది తప్పు. అర్థం దాచి పంపే సందేశాలు నిషిద్ధం, నిజమే. తెలుగు ఒక భాష, రహస్య కోడ్ కాదు. లైసెన్స్‌తో ఇచ్చే గుర్తింపు, అంటే కాల్ సైన్ మాత్రం ఇంగ్లీషులో లేదా మోర్స్ కోడ్‌లో చెప్పాలి. మాట ముగిసినప్పుడు ఒకసారి, సంభాషణ సాగుతుంటే కనీసం 15 నిమిషాలకోసారి. నేను తెలుగులోనే మాట్లాడతాను, మానను. అయితే ఆ ఖాళీ ఇంగ్లీషువాళ్లకంటే మనమే ఎక్కువ ఇవ్వాలి. మన భాష రానివాళ్లకు మాట ఎక్కడ ముగుస్తోందో తెలియదు. ఎప్పుడు నొక్కాలో వాళ్లకు తెలిసేది ఆ నిశ్శబ్దం వల్లే.

లైసెన్స్ విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటి. 35 డాలర్లు, పరీక్ష లేదు, 18 ఏళ్లు నిండితే చాలు, పదేళ్లు చెల్లుతుంది, దగ్గరి కుటుంబమంతా అందులోకే వస్తుంది. అత్తమామలు, బావమరుదులు, మేనల్లుళ్లు కూడా. మనకు పెదనాన్న కొడుకు సొంత అన్నయ్యే, కాబట్టి ఆయనా వస్తాడనుకుంటాం. ఆ జాబితాలో మాత్రం కజిన్స్ లేరు. అందుకే మా అన్నయ్య తన లైసెన్స్ తను తీసుకున్నాడు. వెంట వచ్చే స్నేహితులూ ఎవరిది వాళ్లు తీసుకోవాల్సిందే.

అలాగే రేడియో డబ్బా మీద ప్రైవసీ కోడ్ అని అచ్చేసి అమ్ముతారు చూడండి, నాకు ఒళ్లు మండేది అక్కడే. అందులో ప్రైవసీ ఏమీ లేదు. అది మాటతో పాటు వెళ్లే ఒక టోన్, అంతే; ఆ టోన్ లేని మాటలు రాకుండా మీ స్పీకర్‌ను మూయిస్తుంది, మీ మాట మాత్రం అందరికీ వినబడుతూనే ఉంటుంది. రిపీటర్ తెరుచుకోవడానికి పంపే టోన్ మాత్రం పెట్టుకోండి, వినే వైపు టోన్ తీసేయండి. అప్పుడే ఆ ఛానల్‌లో ఇంకెవరున్నారో తెలుస్తుంది. రిపీటర్ ఛానళ్లు ఉన్నవే ఎనిమిది జతలు, ఏదీ ఎవరి సొంతమూ కాదు.

మీ సంగతికొస్తే, ముందు ఓనర్‌కి నాలుగు వాక్యాల మెయిల్ రాయండి, టోన్ ఆయనే చెబుతాడు. ఒక వారం ఊరికే వినండి. తర్వాత బటన్ నొక్కి, అర సెకను ఆగి మొదలుపెట్టండి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. కాల్ సైన్ చెప్పి రేడియో చెక్, అంటే నా మాట వినబడుతోందా అని అడగండి. ఏమీ చెప్పకుండా ఉత్తినే నొక్కి వదలొద్దు, అవతల వినేవాళ్లు ఎవరో పిలుస్తున్నారేమోనని చేస్తున్న పని ఆపి చూస్తారు.