పరాయి దేశంలో మూడో నెల గడుపుతున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

నిన్న రాత్రి ఫోనులో నువ్వన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. “పెద్దమ్మా, ఈ మనుషులకు మనసే లేదు” అన్నావు. ఏం జరిగిందని అడిగితే చెప్పడానికి నీకు పెద్ద సంగతేదీ దొరకలేదు. బస్సులో ఎవరూ పలకరించలేదు. ఆఫీసులో ఒకావిడ నీ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబిచ్చి వెళ్లిపోయింది. గదిలో బల్బు మార్పించుకోవడానికి మూడు కాగితాలు నింపాల్సి వచ్చింది. అంతే. అయినా నీ గొంతులో ఏడుపు ఉంది.

నేను దేశం విడిచి వెళ్లిన కొత్తలో ఇంచుమించు ఇదే వాక్యం మా అమ్మకు రాశాను. ఆమె ఆ ఉత్తరం దాచిపెట్టింది. ఈమధ్య పెట్టె సర్దుతుంటే దొరికింది. చదివితే నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. ఎందుకంటే నేను ‘మనసు లేనివాళ్లు’ అని రాసిన వాళ్లలో ఇద్దరు ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు నా కష్టసుఖాల్లో నిలిచారు. ఇదంతా ఫోనులో చెబితే “సరే సరే” అని దాటేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నీకు వచ్చినదాన్ని కల్చర్ షాక్ అంటారని నీకూ తెలుసు. ఈ మాటను పదిమందికీ చేరవేసినవాడు కలెర్వో ఓబర్గ్ అనే మానవశాస్త్రవేత్త. ఫిన్లాండ్ నుంచి కెనడాకు వలస వచ్చిన కుటుంబంలో పుట్టినవాడు. 1954లో రియో డి జనీరోలో, ఒక మహిళా క్లబ్బులో ఇచ్చిన ప్రసంగంలో ఆయన దీని లక్షణాలు ఏకరువు పెట్టాడు. మాటిమాటికీ చేతులు కడుక్కోవడం, తాగే నీటి మీదా పడుకునే పక్క మీదా అనుమానం, అందరూ మోసం చేస్తున్నారన్న భయం, చిన్న ఆలస్యానికే భగ్గుమనడం, ఎటో చూస్తూ కూర్చుండిపోవడం. నేను పనిచేసిన లైబ్రరీలో రెండో ఏట ఆ జాబితా నా కంటబడింది. నా గది గోడకు కన్నం పెట్టి చూశాడా ఈయన అనిపించింది! నీ బల్బు కోపం కూడా అందులో ఉంది, చూసుకో.

దీనికి ఆయన చెప్పిన కారణం నాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది. పుట్టిన చోట మనకు వెయ్యి చిన్న గుర్తులు తెలుసు. ఎవరిని చూసి నవ్వాలి, ఎప్పుడు చెయ్యి కలపాలి, పిలుపు వస్తే ఒప్పుకోవాలా మర్యాదగా తప్పుకోవాలా, ఏ మాటను నిజంగా పట్టించుకోవాలి, ఏది ఊరికే అన్న మాట. ఇవన్నీ తెలుసన్న సంగతి కూడా మనకు తెలియదు. దేశం మారగానే ఒక్కసారిగా ఆ గుర్తులు పోతాయి. అక్కడ ఊపిరి తీసినంత తేలికగా జరిగిపోయిన ప్రతి పనికీ ఇక్కడ బుర్ర పెట్టాలి. రోజంతా ఏమీ చేయలేదే, మరి సాయంత్రానికి ఒళ్లంతా కొట్టినట్టు ఎందుకుందని అడిగావు చూడు, జవాబు ఇదే. రోజంతా చేశావు. లెక్కకు రాని పని చేశావు.

కాబట్టి మొదటి ఆరు నెలలు నీ బుర్రను పొదుపుగా వాడు. ముఖ్యమైన కాగితాలు, కొత్త భాషలో చేయాల్సిన ఫోన్లు పొద్దున్నే ముగించు. ఫోను చేసే ముందు చెప్పాల్సిన నాలుగు మాటలు రాసుకో. ఒకే వారంలో ఇల్లు మారడం, కొత్త కోర్సులో చేరడం లాంటివి రెండూ పెట్టుకోకు. నిద్రకు చోటివ్వు. విమానం దిగిన అలసట వేరే. అది దాటిన ఒక్కో కాలమండలానికి (టైమ్ జోన్‌కు) సుమారు ఒక రోజు చొప్పున తీరిపోతుంది. ఈ అలసట అలా తీరేది కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. “ఈ మనుషులంతా ఇంతే” అన్న మాట నోటికొచ్చినప్పుడల్లా దాన్ని థర్మామీటరులో పాదరసం అనుకో. అది వాళ్ల గురించి చెప్పేది చాలా తక్కువ, ఆ రోజు నీకెంత జ్వరం ఉందో మాత్రం కచ్చితంగా చెబుతుంది. నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. పేజీకి ఎడమవైపు జరిగింది రాసేదాన్ని, కుడివైపు దానికి నేను చెప్పుకున్న అర్థం. నెల తిరిగేసరికి తెలిసిందేమిటంటే, ఎడమవైపు ఎప్పుడూ ఒకటి రెండు లైన్లే ఉండేవి. కుడివైపు పేజీ నిండి పక్క పేజీలోకి పారేది.

ఒక ఉదాహరణ చెబుతాను. నాతో పనిచేసే ఆవిడ ఒకసారి “ఎప్పుడైనా మా ఇంటికి రండి” అంది. రెండు నెలలు ఎదురుచూశాను. పిలవలేదు. అబద్ధాలకోరు అని నోటుబుక్కులో రాశాను కూడా. తర్వాత మరొకరు చెప్పారు, అక్కడ ఆ మాట వీడ్కోలు లాంటిదని, నిజంగా పిలిస్తే ఏ రోజో, ఎన్ని గంటలకో చెప్పి పిలుస్తారని. ఇంకోసారి ఒకాయన పదిమందిలో నా పని చూసి “ఇది బాగాలేదు” అనేశాడు. ఆ రాత్రి ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మర్నాడు అదే మనిషి నా పక్కన రెండు గంటలు కూర్చుని తప్పులన్నీ సరిచేయించాడు. నన్నంటున్నాడని నేననుకున్నాను. ఆయన కాగితాన్ని అన్నాడు.

ఎడ్వర్డ్ హాల్ అనే ఆయన 1970ల్లో దీన్ని బాగా విడమరిచాడు. కొన్ని సమాజాల్లో చెప్పదలిచిందంతా మాటల్లోనే పెడతారు. మరికొన్నింటిలో సగం సంగతి మాటల్లో ఉండదు, ఎవరు, ఎక్కడ, ఎలా, ఏది చెప్పకుండా వదిలేశారు అన్నదాంట్లో ఉంటుంది. రెండో రకం చోటు నుంచి మొదటి రకం చోటుకు వెళితే అందరూ మొరటువాళ్లలా కనిపిస్తారు. అటు నుంచి ఇటు వచ్చినవాళ్లకు అందరూ ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. ఎదుటి మనిషికి ఎంత దగ్గరగా నిలబడాలన్నది కూడా చోటును బట్టే. 42 దేశాల్లో అడిగి 2017లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కొత్తవాళ్లతో అర్జెంటీనావాళ్లు అందరికంటే దగ్గరగా ఉండటానికి ఇష్టపడితే, రొమేనియావాళ్లు అందరికంటే దూరం కోరుకున్నారు. ఆ దూరం చూసి వాళ్ల మనసును కొలిస్తే ఎంత తప్పో ఆలోచించు.

అయితే ఈ గుర్తులన్నీ ఎవరు చెబుతారు? అక్కడే పుట్టినవాళ్లను అడిగితే పెద్దగా లాభం లేదు. మన సొంత భాష వ్యాకరణం ఎవరైనా అడిగితే మనం తడబడమా, అలాగే వాళ్లూ “అదా, అది మామూలే” అంటారు. మన దేశంవాళ్లను అడిగితే వాళ్ల పాత గాయాలూ కలిపి చెబుతారు. నా అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చే మనిషి, వేరే ఏదో దేశం నుంచి నీకంటే ఐదారేళ్లు ముందు వచ్చిన మనిషి. తనకు దెబ్బ తగిలిన చోట్లు ఇంకా గుర్తుంటాయి, నొప్పి మాత్రం తగ్గి ఉంటుంది. అలాంటి ఒక్కరిని వెతుక్కో. సిగ్గుపడకుండా అడుగు.

మన దేశంవాళ్లను కలవొద్దని అనడం లేదు. కలువు. సొంత భాషలో గంటసేపు మాట్లాడితే భుజాల మీది బరువు దిగుతుంది. కానీ ఆ కూటమిలో ప్రతివారం సాగేది ఆ దేశాన్ని తిట్టుకోవడమొక్కటే అయితే, అది రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే. నాకు తెలిసిన ఒకాయన పన్నెండేళ్లు అలాగే మొరపెట్టుకున్నాడు, వచ్చిన మొదటి ఏడాదిలోనే ఉండిపోయాడు పాపం. జాన్ బెర్రీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వలస వెళ్లినవాళ్లు నాలుగు దారులు పడతారని చెప్పాడు. పాతది వదిలి కొత్తదాంట్లో కలిసిపోవడం, కొత్తదాన్ని తోసేసి పాతదాంట్లోనే ఉండటం, రెంటినీ పట్టుకోవడం, రెంటికీ చెడటం. రెండూ పట్టుకున్నవాళ్లే సాధారణంగా కుదురుగా ఉంటారట. చెప్పినంత తేలిక కాదనుకో.

భాష విషయంలో ఒక్క మాట. అర్థం కాకపోయినా తల ఊపే అలవాటు నీకూ నాకూ ఉంది. మానెయ్. ఒకసారి సమావేశంలో నన్నేదో అడిగితే నవ్వుతూ తల ఊపాను. వచ్చే వారం అందరి ముందూ ఇరవై నిమిషాలు ఉపన్యాసం ఇస్తానని ఒప్పుకున్నట్టు తర్వాత తెలిసింది! “కాస్త నెమ్మదిగా మళ్లీ చెప్పండి”, “మీరనేది ఇదేనా”, “రాసి ఇస్తారా” అన్న మూడు వాక్యాలు ఆ భాషలో కంఠతా పట్టు. నా పద్దెనిమిదేళ్లలో వీటిని అడిగినందుకు విసుక్కున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో.

“మూడో నెలలో అందరికీ ఇలాగే ఉంటుంది, ఏడాదికి సర్దుకుంటుంది” అని నీ స్నేహితురాలు చెప్పిందన్నావు. మొదట మోజు, తర్వాత కుంగుబాటు, ఆపైన కోలుకోవడం అనే గీత ఒకటి 1955 నుంచి తిరుగుతోంది. అమెరికా వెళ్లి వచ్చిన నార్వేవాళ్లను అడిగి లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు గీసిన గీత అది. వినడానికి బాగుంటుంది. కానీ 1998లో ప్రచురించిన ఒక పరిశోధనలో న్యూజీలాండ్‌కు వెళ్లిన జపాన్ విద్యార్థులను మొదటి నుంచీ గమనిస్తే, వచ్చిన కొత్తలోనే ఎక్కువ కుంగిపోయి ఉన్నారు. అక్కడ మోజు ఊసే లేదు. కాబట్టి క్యాలెండరు పెట్టుకుని నీ మనసును కొలవకు. ఏడో నెలలో మళ్లీ ఏడుపొస్తే వెనక్కి పోయానని బెంగపడకు.

ఇంటి మీద బెంగ గురించి ఏం చెప్పను? దూరపు కొండలు నునుపు అంటాం కదా, దేశం దాటాక ఆ కొండలు చోటు మారతాయి. వెళ్లక ముందు ఆ దేశం నునుపు, వెళ్లాక వదిలివచ్చిన ఇల్లు నునుపు. ఈ బెంగ ఎంత పాతదంటే, 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి దీన్నొక జబ్బుగా లెక్కగట్టి ‘నాస్టాల్జియా’ అని పేరు పెట్టాడు. అన్నిటికంటే మంచి మందు ఇంటికి పంపడమేనట. నిన్ను పంపించమనడం లేదులే! నా మందు వేరు. రోజూ అర్ధరాత్రి దాకా ఇంటి వీడియో కాల్‌లో ఉండకు. ఒళ్లు ఒకచోట, మనసు ఒకచోట ఉంటే రెండుచోట్లా సగమే బతుకుతావు. వేళ పెట్టుకుని మాట్లాడు. ఇంకొకటి, మీ అమ్మకు నీ కష్టం చెప్పినప్పుడు అది తీరాక ఆ సంగతి కూడా చెప్పు. నువ్వు ఏడ్చి పడుకుని మర్నాటికి మరిచిపోతావు. ఆమె వారమంతా దాన్నే తలుచుకుంటుంది. నేనూ మా అమ్మకు అదే చేశాను, అందుకే అంటున్నాను.

అన్నిటికంటే తేలికైన పని ఒకటుంది, ఎవరూ చెప్పరు. రోజూ ఒకే వేళకు ఒకే చోటుకు వెళ్లు. ఒకే పార్కులో ఒకే బెంచీ, లైబ్రరీలో ఒకే బల్ల, ఏదైనా సరే. మొదటి నెల నిన్నెవరూ చూడరు. రెండో నెల ఒకరు తల ఊపుతారు. తర్వాత ఎప్పుడో నువ్వు రెండు రోజులు రాకపోతే, “ఏమైంది, కనిపించలేదు” అని అడుగుతారు. ఆ ప్రశ్న విన్న రోజు నేను గదికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను, సంతోషంతో.

ఇప్పటిదాకా చెప్పినదంతా విని, జరిగే ప్రతిదానికీ కల్చర్ షాక్ అని సర్ది చెప్పుకుంటావేమోనని కూడా నాకు భయం. జీతం ఎగ్గొడితే, పాస్‌పోర్టు లాక్కుని పెట్టుకుంటే, ఒంటి మీద చెయ్యి వేస్తే, నీ రంగునో యాసనో పట్టుకుని వెక్కిరిస్తే, అది వాళ్ల సంస్కృతి కానే కాదు. అన్యాయమే. “సర్దుకుపో” అనే మాట మనవాళ్లు ఆడపిల్లలకు పుట్టినప్పటి నుంచీ చెబుతారు. నేను చెప్పను. రాసి పెట్టుకో, సాక్ష్యం ఉంచుకో, ఫిర్యాదు చెయ్. అలాగే రెండు వారాలు వరుసగా నిద్ర పట్టకపోయినా, మంచం దిగబుద్ధి కాకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, నోటుబుక్కులూ బెంచీలూ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లు. ఆ రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోను చెయ్.

తిరిగి వచ్చినప్పుడు జరిగేది గురించి ఇప్పుడు రాస్తే నువ్వు నమ్మవు. నేనొచ్చాక మొదటి ఏడాది మా వీధిలోనే దారి తప్పినదానిలా తిరిగాను. అందరూ నా భాషే మాట్లాడుతున్నారు, ఒక్కరూ అర్థం కావడం లేదు. ఆ కథ నువ్వు విమానం టికెట్టు కొన్నాక చెబుతాను.

ఆదివారం ఫోను చేసేలోపు నాకు రెండు సంగతులు కనుక్కో. ఆ బల్బు మార్చారా లేదా? ఒక్క ముక్కలో జవాబిచ్చిన ఆవిడ పేరేమిటి?

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ