కర్ణుడి గర్వం, అర్జునుడి గర్వం

ప్రశ్న: ఇతిహాస నాయకుడి లక్షణాల మీద వ్యాసం రాయాలి. ధీరోదాత్తుడికి, అంటే గంభీరుడైన ఉత్తమ నాయకుడికి, గర్వం ఉండకూడదంటారు. మరి అర్జునుడికి ఉంది కదా? కర్ణుడిది మాత్రమే తప్పెందుకయింది?
– డిగ్రీ విద్యార్థిని, కందుకూరు

జవాబు: గర్వం ఉండకూడదని లక్షణకర్తలు, అంటే కావ్యనాటకాలకు నియమాలు రాసినవాళ్లు, అనలేదమ్మా. దశరూపకం అనే సంస్కృత నాటక లక్షణ గ్రంథం ధీరోదాత్తుడికి ఏడు గుణాలు చెప్పింది: మహాసత్త్వం, గాంభీర్యం, క్షమ, స్థైర్యం, దృఢవ్రతం, ఆత్మస్తుతి చేసుకోకపోవడం, నిగూఢాహంకారం. అంటే అహంకారం ఉంటుంది, వినయం దాన్ని కప్పి ఉంచుతుంది. దర్పం, మాత్సర్యం పైకి పొంగితే ధీరోద్ధతుడు. ఇవి నాటకాల కోసం చెప్పినవే అయినా కావ్యాలకూ అన్వయిస్తాం.

మన నెల్లూరి తిక్కన భారత రచన మొదలుపెట్టిన విరాటపర్వంలోనే ఉదాహరణ ఉంది. ఉత్తర గోగ్రహణంలో, అంటే కౌరవులు విరాటుడి ఆవులను తోలుకుపోయినప్పుడు, యుద్ధం మొదలవకముందే కర్ణుడు అర్జునుణ్ణి చంపి దుర్యోధనుడి రుణం తీర్చేస్తానంటాడు. ఆవులింకా పొలిమేర దాటలేదు, హస్తినాపురం చేరలేదు, అప్పుడే ఈ గొప్పలేమిటని వ్యాసభారతంలో అశ్వత్థామ నిలదీస్తాడు. అటు అర్జునుడు ఏడాదిపాటు బృహన్నలగా ఆట నేర్పుతూ గడిపాడు. తన పది పేర్లూ చెప్పింది విరాటుడి కొడుకు ఉత్తరుడు అడిగాకే. పరాక్రమం చెప్పుకోలేదా అంటే చెప్పుకున్నాడు, వణికిపోతున్న కుర్రవాడికి ధైర్యం రావాలి గనుక. గెలిచాక మాత్రం ఆ గెలుపు నీదేనని మీ నాన్నకు చెప్పు అని ఉత్తరుడితో అన్నాడు. మీ వ్యాసానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

అలాగని అర్జునుణ్ణి మచ్చలేనివాడిగా రాయకండి. మహాప్రస్థానంలో అతడు కూలిపోతే ధర్మరాజు చెప్పిన కారణం ఇదే: ఒక్క రోజులో శత్రువులను కాల్చేస్తానన్నాడు, చెయ్యలేదు. కర్ణుణ్ణీ ఒక్క మాటతో కొట్టిపారేయకండి. కృష్ణుడు రాజ్యం చూపించినా దుర్యోధనుణ్ణి విడవనివాడు దృఢవ్రతంలో ఎవరికి తీసిపోతాడు?

మార్కులు పోయేది ఎక్కడంటే, నాలుగు రకాల నాయకుల నిర్వచనాలతో పేజీలు నింపి, ఘట్టాలకు చోటు మిగల్చకపోవడం దగ్గర. నిర్వచనానికి ఐదారు లైన్లు చాలు. యుద్ధానికి ముందు ఏమన్నాడు, అవమానం జరిగితే ఏం చేశాడు, గెలిచాక పేరు ఎవరికిచ్చాడు అన్నవి పట్టుకోండి. అవమానానికి కంకుభట్టును, అంటే మారువేషంలో ఉన్న ధర్మరాజును, తీసుకోవచ్చు. విరాటుడు పాచికతో కొడితే, రాజుకు కీడు రాకూడదని నెత్తురు నేల పడకుండా పట్టుకున్నాడు.

గ్రీకు వీరుడు ఎకిలీజ్‌ను మాత్రం ఈ ఏడు గుణాలతో తూచకండి. అక్కడ వంశం, పరాక్రమం ఎలుగెత్తి చెప్పుకోవడం వీరుడికి తగిన పనే. గ్రీకు ఇతిహాసం ఇలియడ్‌లో అతడు అలిగి యుద్ధం మానేయడం వల్ల ప్రాణస్నేహితుడు పట్రోక్లస్ చావడం, 24వ సర్గలో తాను చంపిన శత్రువీరుడు హెక్టర్ శవాన్ని తండ్రి ప్రయామ్‌కు అప్పగించడం, ఈ రెండూ కలిపి రాయండి.