ఆక్సోలోటల్ కొనేముందు నీళ్లు చల్లబరచండి

ప్రశ్న: మా అబ్బాయి ఆక్సోలోటల్ కావాలని పట్టుబట్టినాడు. ఇంట్లో రెండడుగుల చేపల తొట్టి ఖాళీగా ఉంది. ఎండాకాలంలో ఐస్ బాటిళ్లు వేస్తే చాలని షాపులో చెప్పినారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, ఎర్రముక్కపల్లె, కడప

జవాబు: చాలదమ్మా. ఆక్సోలోటల్ చేప కాదు, కప్పలాగా ఉభయచరం, నీళ్లలోనే బతికే సాలమండర్. ఇది మెక్సికో నగరంలోని సోచిమిల్కో కాలువల జీవి. ఆ చోటు సముద్రమట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి దీనికి చల్లటి నీళ్లే అలవాటు. తొట్టిలో 16-18 డిగ్రీలు ఉండాలి, 20 వరకు ఓర్చుకుంటుంది. 24 దాటితే తిండి మానేస్తుంది, మొప్పల మీద తెల్లగా బూజు పడుతుంది. మే నెలలో మన ఇళ్లలో బకెట్ నీళ్లే 30 దాటుతాయి కదా! లీటరు ఐస్ బాటిల్ మొత్తం కరిగినా దీనికి కావలసిన తొట్టిలోని 140 లీటర్ల నీళ్లు ఒక డిగ్రీ కూడా చల్లబడవు. ఫ్యాను పెడితే తగ్గేది రెండు నుంచి నాలుగు డిగ్రీలే.

అందుకే చిల్లర్, అంటే నీళ్లు చల్లబరిచే యంత్రం, తప్పనిసరి. దానికి డబ్బు సర్దుబాటు కాకపోతే ఈ జీవిని తేకండి. అబ్బాయికి గప్పీ చేపలు కొనివ్వండి, మన వేడికి అవి బాగా బతుకుతాయి.

తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉండాలి. నీళ్లు 14 అంగుళాల ఎత్తుకు పోస్తే సుమారు 145 లీటర్లు పడతాయి. బయట 40 డిగ్రీలున్నప్పుడు పదో వంతు హార్స్‌పవర్ చిల్లర్ ఆగకుండా తిరిగినా అందుకోలేదు, పావు హార్స్‌పవర్‌ది తీసుకోండి. వెనక, రెండు పక్కల, అడుగున అంగుళం మందం థర్మాకోల్ అతికిస్తే దాని మీద భారం బాగా తగ్గుతుంది. చిల్లర్ వేడిగాలి వదులుతుంది, గోడకు అడుగు దూరంలో ఉంచండి. పంపు నుంచి వచ్చే నీటిధారను అద్దం వైపు తిప్పండి. ధార ఎక్కువైతే మొప్పలు ముందుకు ఒంగుతాయి, తోక కొస చుట్టుకుంటుంది. మూత తప్పనిసరి, ఇది ఎగిరి బయట పడుతుంది. ఐస్ బాటిళ్లు కరెంటు పోయినప్పుడు పనికొస్తాయి, ఫ్రీజర్లో నాలుగైదు ఉంచుకోండి.

జీవిని తెచ్చేది మాత్రం ఇవన్నీ బిగించిన నెల, నెలన్నర తర్వాతే. దాని విసర్జన నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో ముందే పెరగాలి. క్లోరిన్ విరుగుడు మందు కలిపిన నీళ్లు నింపి, బ్యాక్టీరియాకు తిండిగా 0.9 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేస్తే అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల్లో రెండు వంతులు) దగ్గరకు వస్తుంది. బ్యాక్టీరియా పెరిగే ఈ నెల, నెలన్నర చిల్లర్ ఆపేయండి, వెచ్చటి నీళ్లలో బ్యాక్టీరియా తొందరగా పెరుగుతుంది. వేసిన అమ్మోనియా 24 గంటల్లో సున్నాకు వచ్చి, నైట్రైట్ కూడా సున్నా చూపితే తొట్టి సిద్ధమైనట్టే. అప్పుడు చిల్లర్ వేసి 18కి దించండి. చలికి బ్యాక్టీరియా మందగిస్తుంది కాబట్టి మళ్లీ ఒకసారి అమ్మోనియా వేసి పరీక్షించండి. చాలామంది ఈ రెండో పరీక్ష వదిలేస్తారు, జీవి వచ్చిన వారానికే నీళ్లు పాడవుతాయి.

ప్రశ్న: మాది బోరు నీళ్లు, బాగా ఉప్పు కడతాయి. వాడొచ్చా? అడుగున రంగు గులకరాళ్లు వేయాలనుకుంటున్నాం. – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఉప్పు కట్టే, అంటే కాఠిన్యం ఉన్న నీళ్లే ఆక్సోలోటల్‌కు మేలు, ఉత్త ఆర్వో నీళ్లలో ఖనిజాలుండవు, పనికిరావు. అయితే బోరు నీటిలో నైట్రేట్ చూడండి. 20 పీపీఎం దాటితే ఆర్వో నీళ్లు కలిపి తగ్గించాలి. వారానికోసారి ఐదో వంతు నీళ్లు మార్చండి.

గులకరాళ్లు వద్దేవద్దు. ఇది నోరు తెరిచి తిండిని నీళ్లతో సహా లాక్కుంటుంది, రాయి కూడా వెళ్లి పేగులో ఇరుక్కుంటుంది. పాలిష్, నూనె తగలని కడప బండ ముక్కలు పరచండి. అది సున్నపురాయే, కాఠిన్యం కొంచెం పెరిగినా నష్టం లేదు. బండల సందుల్లో తిండి కుళ్లకుండా పైపుతో లాగేయాలి. తిండికి వానపాములు శ్రేష్ఠం, మందు కొట్టిన చేను నుంచి మాత్రం తేవద్దు. పెద్దదానికి వారంలో రెండు మూడుసార్లు చాలు.

ప్రశ్న: కొనడానికి కాగితాలేమైనా కావాలా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కావాలి. ఆక్సోలోటల్ సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 2024 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అమ్మేవాళ్ల దగ్గర నమోదు పత్రం చూడండి, బిల్లు తీసుకోండి. దానికి పిల్లలు పుట్టినా, అది చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా అక్కడే తెలియజేయాలి.