డి విటమిన్ సాచెట్లు మూట కట్టుకొస్తున్నారా?

అనంతపురం నుంచి ఎమ్మెస్ చదవడానికి ఇంగ్లండ్ వస్తున్న తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, డి విటమిన్ తక్కువుంటే వైరల్ జ్వరాలు ముదురుతాయంట కదా. అమ్మ ఒక్కోదాంట్లో 60,000 ఐయూ (విటమిన్ మోతాదు కొలత) ఉండే సాచెట్లు రెండు డబ్బాలు సర్దింది. రోజుకొకటి పాలల్లో కలుపుకుని తాగేదా?"

రోజుకొకటి అస్సలు వద్దు తమ్ముడూ. మన డాక్టర్లు ఆ సాచెట్ మామూలుగా రాసేది వారానికొకటి, అదీ కొన్ని వారాలే. ఇక్కడ రోజుకు చెప్పేది 10 మైక్రోగ్రాములు, అంటే 400 ఐయూ. లెక్కేసుకో, ఒక్క సాచెట్‌లో 150 రోజుల మోతాదు ఉంది. ఎక్కువైంది ఒంట్లోంచి తొందరగా పోదు, కొవ్వులో నిలవుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, ముదిరితే కిడ్నీలకే దెబ్బ.

ఇక జ్వరాల సంగతి. డి విటమిన్ తక్కువున్న వాళ్లకు కోవిడ్ ఎక్కువగా ముదిరినట్టు చాలా పరిశీలనల్లో కనిపించిన మాట నిజమే. అయితే వయసు మళ్లినవాళ్లలో, ఒళ్లున్నవాళ్లలో అది ఎటూ తక్కువే ఉంటుంది. పైగా జబ్బు చేస్తే కూడా లెవెల్ పడిపోతుంది. కాబట్టి డి విటమిన్ ఇచ్చి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. బ్రెజిల్‌లో ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు ఒకేసారి 2,00,000 ఐయూ ఇచ్చారు. ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు తగ్గలేదని 2021లో తేలింది. బ్రిటన్‌లో పరీక్ష చేసి, తక్కువున్నవాళ్లకు రోజూ మాత్రలిచ్చినా జలుబులు, కోవిడ్ తగ్గలేదని 2022లో ప్రకటించారు.

అలాగని మానేయొద్దు, ఎముకలకూ కండరాలకూ అది కావాలి. అక్టోబర్ నుంచి మార్చి మొదలుదాకా ఇక్కడి ఎండ చాలదు. కిటికీ పక్కన కూర్చున్నా లాభం లేదు, ఒంట్లో డి విటమిన్ తయారుచేసే కిరణాలు గాజు దాటి రావు. మన రంగువాళ్లు ఏడాది పొడవునా రోజూ ఆ 10 మైక్రోగ్రాముల చిన్న మాత్ర వేసుకోవడమే మంచిది. అనంతపురం ఎండలో పెరిగాను కదా అంటావేమో. పొద్దంతా కోచింగ్ సెంటర్లో, రాత్రంతా హాస్టల్లో ఉన్నవాడికి ఆ ఎండ ఎప్పుడు తగిలింది?

డి విటమిన్ రక్తపరీక్ష రిపోర్టు తెచ్చుకుంటే ఒకటి గుర్తుంచుకో. అక్కడా ఇక్కడా కొలమానాలు వేరు; మన ల్యాబుల అంకెను (ng/mL) ఇక్కడి లెక్కలోకి (nmol/L) మార్చాలంటే రెండున్నరతో గుణించాలి. అక్కడి 20 ఇక్కడ 50. ఇది తెలియక, అంకె పెరిగిందని సంబరపడి మాత్రలు ఆపేసే ప్రమాదం ఉంది.

వచ్చిన వారంలోనే జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు నమోదు చేయించుకో. ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతుంటే ఫ్లూ టీకా ఉచితంగా వేస్తారు, లేదంటే ఫార్మసీలో డబ్బు కట్టయినా వేయించుకో. చలికాలం ముదరకముందే ఆ పని చూసుకో.