గద్దను డాబా మీంచి వదలొచ్చా?

ప్రశ్న: మాంజా దారం కోసుకున్న గద్దను అట్టపెట్టెలో పెట్టి పసుపు రాస్తున్నాం. గాయం ఆరింది. డాబా మీంచి ఎగరేయొచ్చా?
– ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: వద్దండీ. మాంజా రెక్క ముందంచును కోస్తే లోపలి స్నాయువూ తెగొచ్చు. అప్పుడు పైన చర్మం మానినా రెక్క పూర్తిగా చాచుకోదు. పసుపు ఆపేయండి, ఈకలకు అంటి గడ్డకడుతుంది. నోట్లో నీళ్లు అసలే పోయకండి: శ్వాసనాళం రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది, నీళ్లు అందులోకి పోతే ప్రాణానికే ముప్పు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకోకూడదు కూడా. ఇవాళే అటవీశాఖకు అప్పగించండి, దొరికిన చోటు చెప్పండి. పెద్ద పంజరంలో రెక్కలు సమంగా ఆడిస్తూ, రొప్పకుండా పదే పదే ఎగిరి ఎత్తున వాలితేనే విడుదల. అదీ వాన, ఈదురుగాలి లేని ఉదయం, దొరికిన చోటి దగ్గరే. సాయంత్రం వదిలితే చీకటిలోపు తిండి వెతుక్కోలేదు.