ఒకే చిన్న మాటకు ఒక్కో భాషలో ఒక్కో అర్థం ఎందుకు?

దాదాపు ఎప్పుడూ అది యాదృచ్ఛికమే: ఏ శబ్దానికి ఏ అర్థమో ఆ భాష మాట్లాడేవాళ్ల అలవాటే నిర్ణయిస్తుంది, శబ్దంలో అర్థం దాక్కుని ఉండదు. పైగా నోరు పలికే శబ్దాలు పరిమితం. ఒక హల్లు, ఒక అచ్చుతో అయ్యే మాటలు మరీ కొన్నే. వేల భాషలు వాటినే మళ్లీ మళ్లీ వాడుకోక తప్పదు.

‘నే’ సంగతి చూడండి. పలకడంలో కాస్త అటూఇటూ తేడా ఉన్నా, తెలుగులో ‘నే వస్తా’ అంటే నేను వస్తానని. హిందీలో ‘రామ్ నే ఖాయా’ అన్నప్పుడు తిన్నది ఎవరో చూపే ప్రత్యయం. కొరియన్‌లో ‘అవును’ (కొరియన్ సీరియళ్లు చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు). గ్రీకులోనూ ‘అవును’. చెక్ భాషలో మాత్రం ‘కాదు’! ఏథెన్స్ హోటల్లో రూమ్ ఉందా అని అడిగిన చెక్ టూరిస్టు, ‘నే’ అనగానే బ్యాగు భుజానికెత్తుకుని వెళ్లిపోయినా ఆశ్చర్యం లేదు.

ఒకేలా వినిపిస్తే మూలం ఒకటేనని చాలామంది పొరబడతారు. కొరియన్, గ్రీకు మాటలకు అర్థం కూడా కలిసింది, అయినా చుట్టరికం లేదు. చెక్ ‘నే’కు అసలు బంధువు సంస్కృతంలోని ‘న’. రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబానివే, అంటే ఒకే మూలభాష నుంచి పుట్టిన భాషలవి. ఇలాంటి బంధుత్వం తేలాలంటే ఒక్క మాట పోలిక చాలదు, ఎన్నో మాటల్లో ఒకే తీరు ధ్వని మార్పులు కనిపించాలి.